నియంతృత్వం మీద నవలలు: ఏది ముందు చదవాలి, ఏది తర్వాత

నియంతృత్వం మీద ఒక మంచి నవల చదవాలనుకున్నవాళ్లు చాలామంది జార్జ్ ఆర్వెల్ '1984'తోనే మొదలుపెడతారు. దానికున్న పేరు అలాంటిది. మొదటి భాగం ఆసక్తిగా సాగుతుంది, రెండో భాగంలో ప్రేమకథ ముందుకు లాక్కుపోతుంది. సరిగ్గా ఆ భాగం తొమ్మిదో అధ్యాయం దగ్గర బండి నిలిచిపోతుంది. అక్కడ కథానాయకుడు విన్‌స్టన్ ఒక నిషిద్ధ గ్రంథం తెరిచి చదువుతాడు. అతనితో పాటు మనమూ ఆ గ్రంథాన్ని పేజీలకు పేజీలు చదవాలి. యుద్ధాలు ఎందుకు ముగియకుండా సాగుతాయి, సరుకు ఎందుకు కావాలని తగలేస్తారు, సమాజంలో మూడు అంతస్తులు ఎప్పటికీ ఎందుకు మిగిలిపోతాయి అన్న చర్చ అది. కథ కోసం వచ్చినవాళ్లు పుస్తకాన్ని అక్కడే బోర్లిస్తారు. మళ్లీ తెరవరు. వరస మార్చి చదివితే ఈ ఇబ్బంది రాదు, పైగా అదే అధ్యాయం పుస్తకానికి గుండెకాయలా కనిపిస్తుంది.

ఈ కోవ నవలలన్నీ ఒకటే మాట చెబుతాయనుకోవడం వల్ల కూడా ఎంపిక తప్పుతుంది. ఇవి వేసే ప్రశ్నలు వేరు. మంచి మనసుతో మొదలైన తిరుగుబాటు ఎక్కడ పాడవుతుంది అన్నది మీ ప్రశ్న అయితే అదే ఆర్వెల్ రాసిన 'యానిమల్ ఫామ్' తీసుకోండి. నిన్న విన్నమాట ఇవాళ లేకుండా ఎలా చేస్తారన్నది తెలియాలంటే '1984'. కొట్టకుండా, జైల్లో పెట్టకుండా మనిషిని లొంగదీయడం ఎలాగో చూడాలంటే 'బ్రేవ్ న్యూ వరల్డ్'. చేయని నేరాన్ని ఒక తెలివైన మనిషి నిండు కోర్టులో ఎందుకు ఒప్పుకుంటాడన్నది వేధిస్తుంటే 'డార్క్‌నెస్ ఎట్ నూన్'.

ముందు 'యానిమల్ ఫామ్', అందులోనూ నెమ్మదిగా

మొదటి పుస్తకంగా దీన్ని మించింది లేదు. యజమానిని తరిమేసి పొలాన్ని తామే నడుపుకునే పశువుల కథ ఇది, పెత్తనం పందుల చేతికి పోతుంది. పది అధ్యాయాలు, సుమారు 30 వేల ఇంగ్లీషు పదాలు. నిమిషానికి 150 పదాలు చదివేవాళ్లకి మూడు గంటల ఇరవై నిమిషాలు చాలు. '1984' దీనికి మూడు రెట్లకు పైనే ఉంటుంది. వాక్యాలు చిన్నవి, మాటలు తేలిక. ఇంగ్లీషు నవల ఇంతవరకు ఒక్కటీ పూర్తిచేయనివాళ్లు కూడా ధైర్యంగా పట్టుకోవచ్చు. తెలుగు అనువాదాలూ ఉన్నాయి.

తేలిక కావడమే ఇందులో ప్రమాదం. ఒక్క ఊపులో చదివేసి 'పందులు మోసం చేశాయి' అని మూసేస్తే అసలు సంగతి జారిపోతుంది. అందుకని ఒక పని చేయండి. రెండో అధ్యాయంలో కొట్టం గోడ మీద తెల్లరంగుతో రాసిన ఏడు శాసనాలు వస్తాయి. అక్కడ ఆగి వాటిని ఒక కాగితం మీద ఉన్నవి ఉన్నట్టు ఎత్తి రాసుకోండి. కాగితం పుస్తకంలోనే పెట్టుకోండి. ఆరో అధ్యాయంలో మంచాల సంగతి, ఎనిమిదో అధ్యాయంలో చంపడం సంగతి, తాగుడు సంగతి వచ్చినప్పుడు మాత్రమే తీసి చూడండి. కాగితం చూడకముందు మీకే అనుమానం వస్తుంది: ముందే ఇలా ఉందా, నేనే సరిగ్గా చదవలేదా అని. ఆ పశువుల మనసులో కదిలే అనుమానమూ అదే. దాన్ని మన తలలోనే పుట్టించడం ఆర్వెల్ సాధించిన గొప్ప పని. కాగితం లేకుండా చదివితే ఇది సగమే తెలుస్తుంది.

ఎనిమిదో అధ్యాయంలో ఒక రాత్రి దృశ్యం ఉంది. కొట్టంలో ఏదో కూలిన చప్పుడు. జంతువులు పరుగెత్తుకొస్తాయి. శాసనాలు రాసిన గోడ కింద నిచ్చెన రెండు ముక్కలై పడి ఉంటుంది. పక్కనే స్క్వీలర్ అనే పంది బోర్లాపడి ఉంటుంది. దగ్గర్లో లాంతరు, రంగు కుంచె, ఒలికిపోయిన తెల్లరంగు డబ్బా. కుక్కలు వచ్చి స్క్వీలర్ చుట్టూ కాపలా కట్టి తీసుకెళ్తాయి. ముసలి గాడిద బెంజమిన్‌కి తప్ప ఎవరికీ ఏమీ అర్థం కాదు. అర్థమైన బెంజమిన్ నోరు విప్పదు. ఈ పది పన్నెండు వాక్యాలు ఇంకోసారి చదవండి. నేరం, సాక్ష్యం, సాక్షులు అన్నీ ఒకేచోట కళ్లెదుట ఉన్నా తీర్పు మాత్రం రాదు.

పతనం ఎక్కడ మొదలైందని అడిగితే చాలామంది పందుల నాయకుల్లో ఒకడైన స్నోబాల్‌ను తరిమేసిన ఐదో అధ్యాయం చూపిస్తారు. ఆర్వెల్ లెక్క వేరు. పాలు, ఆపిల్ పళ్లు పందులు తమకే ఉంచుకున్నప్పుడే కథ మలుపు తిరిగిందని అతను 1946లో ఒక ఉత్తరంలో రాశాడు. రెండో అధ్యాయం చివర్లో పాల బకెట్లు మాయమవుతాయి. ఎవరూ గట్టిగా అడగరు. మూడో అధ్యాయంలో దానికి వివరణ వస్తుంది: ఆలోచించే పని మాది, మెదడుకు పాలు కావాలి, లేకపోతే పాత యజమాని జోన్స్ తిరిగొస్తాడు. ఆ తర్వాత ప్రతి అన్యాయానికీ ఇదే జోన్స్ భయం వాడతారు. ఎన్నిసార్లు వాడారో లెక్కపెట్టుకుంటూ చదవండి.

చరిత్ర తెలియకపోయినా కథ అర్థమవుతుంది. తెలిస్తే మాత్రం రెట్టింపు దక్కుతుంది. పెత్తనం చేసే పంది నెపోలియన్ అంటే స్టాలిన్, స్నోబాల్ అంటే అతను దేశం నుంచి వెళ్లగొట్టిన ట్రాట్‌స్కీ, గాలిమర మీద పడే చాకిరీ సోవియట్ పంచవర్ష ప్రణాళికలు. ఏడో అధ్యాయంలో జంతువులు ఒక్కొక్కటీ ముందుకొచ్చి నేరాలు ఒప్పుకోవడం, అక్కడే చంపేయడం 1936-38 మాస్కో విచారణలు. చివర్లో పేకాట బల్ల, స్టాలిన్ బ్రిటన్, అమెరికా నాయకులతో కూర్చున్న 1943 టెహ్రాన్ సమావేశం. ఈ జాబితాను ముందే బట్టీపట్టి చదవొద్దు. మొదటి చదువు కథగా చదివి, రెండోసారి జాబితా ఎదురుగా పెట్టుకుని చదవండి.

దీన్ని సామ్యవాదం మీద తిట్టుపురాణంగా పరిచయం చేసేవాళ్లున్నారు. అది తప్పు. బీహార్‌లోని మోతీహారీలో 1903లో పుట్టి, బర్మాలో పోలీసు ఉద్యోగం చేసి విసిగి వదిలేసిన ఆర్వెల్, 1937లో స్పెయిన్‌లో ఒక వామపక్ష దళం తరఫున పోరాడుతూ గొంతులో తూటా తిన్నాడు. చివరిదాకా తనను ప్రజాస్వామ్య సోషలిస్టుగానే చెప్పుకున్నాడు. తిరుగుబాటు తప్పని ఈ పుస్తకం అనదు. జోన్స్ పాలన ఎంత ఘోరంగా ఉండేదో మొదటి అధ్యాయంలోనే చెబుతుంది.

'1984': కొనేముందు చూడవలసినవి, చదివేటప్పుడు చేయవలసినవి

ఆర్వెల్ 1950 జనవరిలో చనిపోయాడు. మన దేశంలో రచయిత మరణం తర్వాత 60 ఏళ్లకు కాపీరైటు ముగుస్తుంది కాబట్టి 2011 నుంచి అతని పుస్తకాలు ఎవరైనా అచ్చువేయొచ్చు. అందుకే దుకాణాల్లో, ఫుట్‌పాత్‌ల మీద రకరకాల ముద్రణలు కనిపిస్తాయి. ధర తక్కువే, కానీ అన్నీ ఒకటి కాదు. కొనేముందు రెండు నిమిషాలు వెచ్చించండి. మొదట పుస్తకం చివరి పేజీలు తిప్పండి. కథ అయ్యాక, అందులోని ప్రభుత్వం తయారుచేసిన న్యూస్పీక్ భాష సూత్రాల మీద అనుబంధం ఉండాలి. లేకపోతే ఆ ప్రతి తీసుకోవద్దు. అమెరికాలో ఒక బుక్ క్లబ్ ఆ అనుబంధాన్ని, విన్‌స్టన్ చదివే నిషిద్ధ గ్రంథాన్ని తీసేస్తే ఎక్కువ ప్రతులు కొంటామంటే, జబ్బుతో మంచంలో ఉన్న ఆర్వెల్ డబ్బు పోతే పోనీ అని ఒప్పుకోలేదు. తర్వాత చివరి అధ్యాయం చూడండి. కేఫ్ బల్ల మీది దుమ్ములో విన్‌స్టన్ వేలితో 2 + 2 = 5 అని రాస్తాడు. బ్రిటన్‌లో కొన్ని పాత ముద్రణల్లో ఆ 5 అంకె రాలిపోయి, సమానం గుర్తు తర్వాత ఖాళీ మిగిలింది. ఒక్క అంకె పోతే మనిషి పూర్తిగా ఓడిపోయాడా లేదా అన్నదే మారిపోతుంది.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు ఒక మాట. అక్కడ ఈ నవల కాపీరైటు 2044 చివరిదాకా ఉంది. ఇండియాలో ఉచితంగా దొరికే ఫైలు అక్కడ చట్టబద్ధం కాదు. 2009 జూలైలో హక్కుల్లేని సంస్థ అమ్మిన ఆర్వెల్ ఈ-బుక్‌లను, డబ్బులు కట్టి కొన్నవాళ్ల కిండిల్ పరికరాల్లోంచి అమెజాన్ దూరం నుంచే తొలగించింది. తొలగించినవాటిలో '1984' కూడా ఉంది. ఈ పుస్తకం వరకు కాగితం ప్రతే మేలు.

చదవడానికి సుమారు పదకొండు గంటలు పడుతుంది. మూడు భాగాలు, 24 అధ్యాయాలు. మొదటి భాగం నాలుగో అధ్యాయం మీద సమయం పెట్టండి. విన్‌స్టన్ ఉద్యోగం అక్కడ కనిపిస్తుంది: పాత పత్రికల్లో వార్తలు దిద్దడం. ఈ ఏడాది చాక్లెట్ రేషన్ తగ్గించబోమని ప్రభుత్వం ఫిబ్రవరిలో మాట ఇచ్చింది. ఇప్పుడు 30 గ్రాముల నుంచి 20కి తగ్గించబోతున్నారు. కనుక పాత పత్రికలో ఆ మాట తీసేసి, ఏప్రిల్‌లో తగ్గించవలసి రావొచ్చన్న హెచ్చరికగా మార్చాలి. పని అయ్యాక అసలు కాగితం గోడలోని రంధ్రంలో పడేస్తే కింద కొలిమిలో కాలిపోతుంది. తర్వాతి అధ్యాయంలో, రేషన్‌ను 20 గ్రాములకు 'పెంచినందుకు' జనం ఊరేగింపులు తీశారన్న వార్త టెలిస్క్రీన్ అనే గోడ తెర మీద వస్తుంది. తగ్గించామని చెప్పింది నిన్ననే. పక్క బల్ల మనిషి దాన్ని ఎలా మింగేశాడో విన్‌స్టన్ చూస్తూ కూర్చుంటాడు. ఈ రెండు అధ్యాయాలు నిదానంగా చదివినవాళ్లకు తొమ్మిదో అధ్యాయం బరువనిపించదు, ఎందుకంటే అక్కడి సిద్ధాంతమంతా ఈ చాక్లెట్ ముక్కకి వివరణే.

ఆ నిషిద్ధ గ్రంథం వచ్చినప్పుడు అదే రోజు పూర్తిచేయాలని పట్టుబట్టొద్దు. రెండు రోజులకు పంచుకోండి. దాటేయడం మాత్రం వద్దు, దాటేస్తే మూడో భాగంలో విన్‌స్టన్‌ను విచారించే ఓబ్రయన్ మాటలు గాల్లో తేలతాయి. మూడో భాగంలో చిత్రహింసలు నేరుగా వస్తాయి. రాత్రిపూట ఒంటరిగా చదవడం కష్టం. పదహారేళ్లలోపు పిల్లలకు ఇవ్వకపోవడమే మంచిది.

లోపాలూ చెప్పాలి. విన్‌స్టన్ ప్రేమించిన జూలియాకు సొంత జీవితం తక్కువ, విన్‌స్టన్ కళ్లతోనే కనిపిస్తుంది. కార్మిక జనం గుంపుగా తప్ప మనుషులుగా రారు.

భయమా, సుఖమా: '1984'కి పక్కన 'బ్రేవ్ న్యూ వరల్డ్'

ఆల్డస్ హక్స్‌లీ నవల 1932లో వచ్చింది, అంటే '1984' కంటే పదిహేడేళ్లు ముందు. హక్స్‌లీ ఈటన్ బడిలో కొంతకాలం ఫ్రెంచ్ పాఠాలు చెప్పాడు, అప్పుడు ఆర్వెల్ అక్కడి విద్యార్థి. '1984' చదివాక 1949 అక్టోబరులో హక్స్‌లీ ఆర్వెల్‌కు ఉత్తరం రాస్తూ, లాఠీలు జైళ్ల కంటే పసితనంలో తర్ఫీదు, మత్తుతో కూడిన వశీకరణ పాలకులకు ఎక్కువ పనికొస్తాయని వాదించాడు. ఎవరు సరి అన్న చర్చ ఇప్పటికీ నడుస్తోంది. నా తీర్పు అడిగితే, రెండూ చదవకుండా ఆ చర్చలోకి దిగొద్దంటాను, ఎందుకంటే హక్స్‌లీ లోకంలోనూ భయం ఉంది. అది ఎనిమిది నెలల వయసులోనే పూర్తయిపోతుంది. రెండో అధ్యాయంలో పాకే పసిపిల్లల ముందు పువ్వులు, బొమ్మల పుస్తకాలు పెడతారు. పిల్లలు వాటిని ముట్టుకోగానే సైరన్లు మోగుతాయి, తర్వాత నేలలోంచి కరెంటు షాక్ కొడుతుంది. మళ్లీ పువ్వులు చూపిస్తే పిల్లలు ఏడుస్తూ వెనక్కి పోతారు. జీవితాంతం పుస్తకం జోలికి పోరు. ఇక పెద్దయ్యాక లాఠీ ఎందుకు?

తెలుగు పాఠకులకు ఇందులో రెండు సంగతులు వెంటనే తగులుతాయి. జనాన్ని నిద్రబుచ్చే మాత్రకు హక్స్‌లీ పెట్టిన పేరు సోమ, మన వేదాల్లోంచి తీసుకున్నదే. ఇక అల్ఫా నుంచి ఎప్సిలాన్ దాకా ఐదు మెట్లు, పుట్టకముందే, పిండాలను పెంచే సీసాలోనే నిర్ణయమైపోతాయి. ఏ మెట్టు వాళ్లకు ఆ మెట్టే గొప్పదని నిద్రలో వేలసార్లు వినిపిస్తారు. కులం గురించి ఆలోచించినవాళ్లు ఈ అధ్యాయాన్ని ఇంగ్లండు పాఠకుల కంటే లోతుగా చదవగలరు.

ఇక్కడ జనం ఆగిపోయేది మూడో అధ్యాయం దగ్గర. మూడు నాలుగు చోట్ల జరిగే సంభాషణలు ముక్కలు ముక్కలుగా కలిసిపోతాయి, పోనుపోను ఒక్కో ముక్క ఒక్కో వాక్యమే అవుతుంది. ఎవరు మాట్లాడుతున్నారో ప్రతిచోటా తేల్చుకోవాలని ఆగితే ముందుకు సాగదు. ఆ అధ్యాయం మొత్తం ఒకే కూర్చోవడంలో, ఆగకుండా చదివేయండి. సినిమాలో షాట్లు మారినట్టు తీసుకుంటే సరిపోతుంది. ఇక 16, 17 అధ్యాయాల్లో పాలకుడు ముస్తఫా మాండ్‌కీ, బయటినుంచి వచ్చిన జాన్‌కీ మధ్య వాదం కోసమే ఈ పుస్తకాన్ని మళ్లీ మళ్లీ తెరవొచ్చు. జాన్ పుట్టిపెరిగిన ఆదివాసీ ప్రాంతాన్ని చూపిన తీరు మాత్రం అప్పటి ఐరోపా చూపుతోనే ఉంది. హక్స్‌లీ 1963లో పోయాడు కాబట్టి 2024 నుంచి మన దేశంలో ఇదీ అందరి సొత్తే. చౌక ముద్రణలు పెరుగుతాయి, 18 అధ్యాయాలూ ఉన్నాయో లేదో చూసి కొనండి.

వీటికి వెనక ఉన్నవి: 'మేము', 'డార్క్‌నెస్ ఎట్ నూన్'

మాస్కోలో అచ్చయి వచ్చిన తెలుగు పుస్తకాలతో రష్యన్ సాహిత్యం చదువుకున్న తరం మనకు ఉంది. గోర్కీ 'అమ్మ' తెలియనివాళ్లు ఆ తరంలో తక్కువ. ఆ అరల్లో యెవ్గేనీ జమ్యాతిన్ 'మేము' (ఇంగ్లీషులో 'వీ', We) ఉండే వీలే లేదు. 1920-21లో రాసిన ఆ నవల ముందు ఇంగ్లీషు అనువాదంగా 1924లో న్యూయార్క్‌లో వచ్చింది. సొంత దేశంలో అచ్చయింది 1988లో. జమ్యాతిన్ 1931లో స్టాలిన్‌కు నేరుగా ఉత్తరం రాసి దేశం విడిచే అనుమతి అడిగితే, అతని తరఫున మాట్లాడింది ఆ గోర్కీయే.

ఆర్వెల్ ఈ నవల మీద 1946 జనవరిలో సమీక్ష రాశాడు, '1984' పూర్తిచేయకముందే. కాబట్టి '1984' నచ్చినవాళ్లు దీన్ని తప్పక చూడాలి. అయితే మొదటి పుస్తకంగా వద్దు. జమ్యాతిన్ ఓడలు కట్టే ఇంజనీరు, వాక్యాలు కూడా గణితంలా, తెగిపోతూ నడుస్తాయి. మనుషులకు పేర్లుండవు, నంబర్లే. కథ చెప్పేది డి-503. ఇళ్లన్నీ గాజువి, అనుమతి ఉన్న గంటలోనే తెరలు దించుకోవచ్చు, దానికి గులాబీరంగు చీటీ కావాలి. మొత్తం 40 డైరీ నోట్లు. రోజుకు రెండు చొప్పున ఇరవై రోజులు పెట్టుకోండి, ఒకేసారి చదివితే తల తిరుగుతుంది. మూలానికి కాపీరైటు పోయినా అనువాదాలకు వేరే హక్కులుంటాయి. ఉచితంగా దొరికేది 1924 నాటి పాత అనువాదం. కొనేటట్టయితే క్లారెన్స్ బ్రౌన్ అనువాదం సాఫీగా సాగుతుంది.

ఆర్థర్ కోస్లర్ 'డార్క్‌నెస్ ఎట్ నూన్' (1940) ఊహాలోకం కాదు. దేశం పేరు, నాయకుడి పేరు మాత్రం రచయిత చెప్పడు, అంతే. నాయకుడు 'నంబర్ వన్'. విప్లవంలో ముందు నడిచిన రుబషోవ్‌ను సొంత పార్టీయే 404వ నంబరు గదిలో వేస్తుంది. గోడ మీద తట్టే చప్పుళ్ల లెక్కతో పక్క గది ఖైదీతో మాట్లాడుకుంటాడు. 'యానిమల్ ఫామ్' ఏడో అధ్యాయంలో జంతువులు ఎందుకు అలా ఒప్పుకున్నాయని మీరు అడిగిన ప్రశ్నకు జవాబు ఇక్కడుంది, మనిషి తలలోంచి. కొట్టి ఒప్పించడం ఒక్కటే కారణం కాదు. జీవితమంతా నమ్మిన తర్కాన్ని చివరిదాకా అనుసరిస్తే, అతను నేరం ఒప్పుకోవడమే పార్టీకి చేసే ఆఖరి సేవ అవుతుంది. ఆ తర్కం మెలిక విప్పే మూడు విచారణలే ఈ నవల.

ఇందులో ముద్రణ చూసి కొనడం చాలా ముఖ్యం. కోస్లర్ జర్మన్‌లో రాశాడు, ఆ ప్రతి యుద్ధంలో పోయింది. దశాబ్దాలపాటు లోకం చదివింది డాఫ్నీ హార్డీ హడావుడిగా చేసిన ఇంగ్లీషు అనువాదాన్నే. జర్మన్ రాతప్రతి 2015లో జూరిక్‌లో దొరికింది. దాని నుంచి ఫిలిప్ బోమ్ చేసిన కొత్త అనువాదం 2019లో వచ్చింది. విచారణ, న్యాయస్థానం మాటలు అందులో కచ్చితంగా ఉంటాయి. ఇప్పుడు కొనేవాళ్లు అదే తీసుకోండి.

మరో రెండు

రే బ్రాడ్‌బరీ 'ఫారెన్‌హీట్ 451' (1953) చిన్నది, వేగంగా నడుస్తుంది. పద్నాలుగేళ్ల పిల్లలకు 'యానిమల్ ఫామ్' తర్వాత ఇవ్వదగ్గది ఇదే. పుస్తకాలు కాల్చే ప్రభుత్వం కథ అనుకుంటారు కానీ, మొదటి భాగంలో పుస్తకాలు కాల్చే దళానికి నాయకుడైన కెప్టెన్ బీటీ చెప్పే మాట శ్రద్ధగా వినండి: ముందు జనమే చదవడం మానేశారు, కాల్చడం తర్వాత వచ్చింది. సెకండ్‌హ్యాండ్ దుకాణంలో కొంటే ముద్రణ సంవత్సరం చూడండి. 1967 నుంచి బడుల కోసం వచ్చిన ఒక ముద్రణలో రచయితకు తెలియకుండా డెబ్బైకి పైగా చోట్ల మార్పులు చేశారు, అతను 1979లో పట్టుకున్నాడు.

మార్గరెట్ అట్వుడ్ 'ది హ్యాండ్‌మెయిడ్స్ టేల్' (1985) ఆడవాళ్ల శరీరం మీద రాజ్యం పెత్తనం గురించి. చరిత్రలో ఎక్కడో జరగనిది ఏదీ పెట్టకూడదన్న నియమంతో రాసిన నవల. లైంగిక హింస ఉంది, పెద్దవాళ్లకే. టీవీ సీరీస్ చూసినా పుస్తకం చివరి 'చారిత్రక గమనికలు' వదలొద్దు. '1984' అనుబంధం చదివినవాళ్లకు ఆ పేజీల పని వెంటనే తెలుస్తుంది. రెండు చోట్లా ఆ పాలన గతం అయిపోయినట్టు ఎవరో వెనక్కి తిరిగి చూస్తూ రాస్తారు.

తెలుగు అనువాదం కొనేవాళ్లకు

'యానిమల్ ఫామ్' తెలుగులో తీసుకుంటుంటే దుకాణంలోనే ఒక పరీక్ష పెట్టొచ్చు. ఇంగ్లీషులో శాసనాలను మార్చేటప్పుడు పాత వాక్యం చివర రెండు మాటలు తగిలిస్తారు. గోడ మీద రాసిన పాత అక్షరాలు చెరపనక్కర్లేదు, మిగిలిన చోట కొత్త మాట రాస్తే చాలు. తెలుగులో క్రియ చివర వస్తుంది కదా, అక్కడే చిక్కు. 'ఏ జంతువూ మంచం మీద పడుకోరాదు' అన్నదాన్ని 'ఏ జంతువూ దుప్పటి పరిచిన మంచం మీద పడుకోరాదు' అని అనువదిస్తే అర్థం సరిపోయింది. కానీ గోడ మీద ఆ మాట మధ్యలో ఎలా ఇరికించారు? మొత్తం చెరిపి మళ్లీ రాయాలి. 'ఏ జంతువూ మంచం మీద పడుకోరాదు, దుప్పటి పరిచి ఉంటే' అని చివర తగిలించిన అనువాదకులు ఆ రాత్రి నిచ్చెననీ రంగు డబ్బానీ నిజంగా చూశారన్నమాట. ఆరో అధ్యాయం తెరిచి ఆ ఒక్క వాక్యం చూడండి, తర్వాత ఎనిమిదో అధ్యాయంలో తాగుడు వాక్యం చూడండి. రెండూ ఇలా నిలబడితే ఆ ప్రతి తీసుకోండి.